వెలుగు గీత ఎటు పోయింది

పనికిరావని రాసేసిన పుస్తకాలను కట్ట కట్టడానికి కూడా ఒక పద్ధతి ఉంది. పెద్దవి కింద, చిన్నవి పైన, వెన్నులు ఒకటి ఇటూ ఒకటి అటూ. లేకపోతే కట్ట ఒరిగిపోతుంది. జగిత్యాలలోని ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఇరవై రెండేళ్లుగా ల్యాబు అటెండరుగా ఉన్న సరిత, వినాయక నిమజ్జనం అయిన మర్నాడు సోమవారం, బీరువా ముందు కూర్చుని సుతిలి బిగిస్తోంది. కొత్తగా వచ్చిన కెమిస్ట్రీ లెక్చరర్ ఆనంద్ పక్కన నిలబడి జాబితా రాసుకుంటున్నాడు. ముప్ఫై ఏళ్లు కూడా లేవు, మనిషి మెత్తన.

"గివన్నీ మనం పుట్టకముందు పుస్తకాలు, సరితక్కా. స్ఫటికాలు, ఖనిజాలు, ఏ పదార్థమో గుర్తుపట్టే పట్టికలు. ఇప్పుడు మిషన్ల పెడితే నిమిషంల చెప్తది."

"మన దగ్గర ఉన్నదా సార్ ఆ మిషిను?"

"లేదు," అని ఆనంద్ తనే నవ్వేశాడు.

ఏడో కట్ట ముడి వేస్తుండగా ఫోను మోగింది. తమ్ముడు జైపాల్ భార్య శైలజ. ఏడుపు అప్పటికే అయిపోయినట్టుంది, గొంతు పొడిగా ఉంది.

"వదినే, పసుపు ఆకులు మాడిపోయినయి."

కథలాపూర్ పక్కనే ఉంది తమ్ముడి ఊరు. చంద్రమౌళి పటేల్ దగ్గర రెండెకరాలు కౌలుకు పట్టి జైపాల్, శైలజ ఈ యేడే పసుపు పెట్టారు. తాతల నాటి నుంచి జైపాల్ ఇంటివాళ్లు ఊళ్లో అందరి భూముల్లోనూ చెమటోడ్చారు గానీ, "మా చేను" అన్న మాట, కౌలుకే అయినా, ఆ ఇంట్లో వినబడడం ఇదే మొదలు. ఆ మాట అనడానికి జైపాల్ ఎంత మురిసేవాడో సరితకు తెలుసు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పేవాడు.

"ఏమైంది శైలజా? నిమ్మలంగ చెప్పు."

"మొన్న ఒక ఎకరంల పొటాష్ చల్లినం. రెండు దినాలకే ఆకులు కాలినయి. పటేల్ అచ్చిండు. ఒడ్డు మీద ఉప్పు సంచి చూసిండు. మందుకు పైసలు లేక ఉప్పు చల్లిన్రా అని పదిమందిల అన్నడు."

"ఉప్పు సంచి ఏడికెళ్లి అచ్చింది?"

"బస్తా బరువైందని సగం మందు దాంట్ల పోసుకొని మోసిన. మేకలకు తెచ్చిన ఉప్పు సంచి. కడిగి ఆరేసిందే వదినే, ఒట్టు. ఆయన ఇంటలేడు. సంచి పట్కపోయిండు. ఉప్పు పడ్డ భూమి మల్ల పంటకు రాదు, శుక్రారం లోపల నా భూమి ఇడిసిపెట్టున్రి అన్నడు. మీ తాతల కాడికెళ్లి భూమి ఉంటే గద మీకు తెలిసేది అన్నడు."

ఆ చివరి మాట చెప్పేటప్పుడు శైలజ గొంతు మళ్లీ తడిసింది. ఆకు కాలిన దానికన్నా ఆ మాటే ఎక్కువ కాల్చింది.

"జైపాల్ ఏడి?"

"కోరుట్లకు ఉరికిండు. మందు దుకాణపోడే పొటాష్ అని ఉప్పు అమ్మిండని, దుకాణం ముంగట నిలబడి తిడుతుండట."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. జైపాల్ ఈ సామెత చాలాసార్లు విన్నాడు, ఒక్కసారీ పాటించలేదు. సరిత ఫోను పెట్టేసి, చేతిలోని సుతిలి పక్కన పెట్టింది. తర్వాత మూడో కట్ట ముడి విప్పడం మొదలుపెట్టింది.

"అదెందుకు విప్పుతున్నవక్కా?" అన్నాడు ఆనంద్.

"ఒక పుస్తకం కావాలె సార్. నల్ల అట్టది."

*

మంగళవారం పొద్దున జైపాల్ బస్సు కండక్టరు చేత ఒక పొట్లం పంపాడు. బస్తాలో మిగిలిన పొటాష్, పిడికెడు. గులాబీ రంగు పలుకులు. సరిత బస్టాండుకు వెళ్లి తెచ్చుకుని, పిల్లలు రాకముందే ల్యాబు తలుపు తీసింది.

నల్ల అట్ట పుస్తకం మూలలు అరిగి గుడ్డ పీచు బయటికి వచ్చింది. మొదటి పేజీలో శ్యాంసుందర్ అని ఆకుపచ్చ సిరాతో సంతకం. ఇక్కడ పాఠం చెప్పి రిటైరై సిరిసిల్లలో ఉంటున్న సార్ ఆయన. పుస్తకంలో మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. చిన్న అంకెతో మొదలై పెద్ద అంకె దాకా నిచ్చెన మెట్లలా పేజీ వెంట పేజీ. ఒక్కో అంకె పక్కన ఒక్కో పదార్థం. వెలుగు ఆ పదార్థంలోకి దూరినప్పుడు ఎంత వంగుతుందో ఆ అంకె చెబుతుంది. సరితకు ఇంగ్లీషు చదవడం రాదు. కానీ ఇరవై రెండేళ్లు సీసాలు తుడిచిన మనిషికి వాటి మీది గుర్తులు రాకుండా పోతాయా? కేసీఎల్ అంటే పొటాష్. ఎన్ఏసీఎల్ అంటే ఉప్పు. మెట్ల మీద వేలు పెట్టి వెతికింది. పొటాష్ 1.490 దగ్గర దొరికింది. ఉప్పు 1.544 దగ్గర.

సూక్ష్మదర్శిని పక్కన ఎప్పుడూ ఉండే దేవదారు నూనె బుడ్డి తీసి చీటీ చూసింది. 1.515. సరిగ్గా రెండింటికీ నడుమ.

శ్యాంసుందర్ సార్ పిల్లలకు చెప్పిన మాట ఆమెకు బాగా గుర్తు. గింజను నూనెలో వేసి చూస్తే దాని అంచు చుట్టూ ఒక వెలుగు గీత కనబడుతుంది. సూక్ష్మదర్శిని గొట్టాన్ని కొంచెం పైకి లేపితే ఆ గీత కదులుతుంది. "వెలుగు ఎప్పుడూ పెద్ద అంకె ఉన్నోని ఇంటికే పోతది, మన చుట్టాల లెక్క," అని సార్ నవ్వించేవాడు. అంటే ఉప్పయితే గీత గింజ లోపలికి పోవాలి. పొటాష్ అయితే బయటికి, నూనెలోకి రావాలి.

గుర్తుంది సరే, గుర్తు తప్పయితే? సరిత ముందు క్యాంటీన్ నుంచి చిటికెడు ఉప్పు తెచ్చింది. రెండు గాజు పలకల మధ్య పెట్టి బొటనవేలితో నలిపింది. ఒక చుక్క నూనె, పైన పల్చని గాజు రేకు. కింది నుంచి వచ్చే వెలుగును సగానికి తగ్గించి, కన్ను ఆనించి, మర మెల్లగా తిప్పింది. గొట్టం పైకి లేస్తుంటే ప్రతి గింజ చుట్టూ ఉన్న గీత గింజ లోపలికి ముడుచుకుంది. తర్వాత ల్యాబు సీసాలోని అసలు పొటాష్ పెట్టింది. గీత బయటికి విచ్చుకుంది. సార్ మాట తప్పలేదు.

మూడో పలక మీద జైపాల్ పంపిన పొడి. చేతులు కడుక్కుని, తుడుచుకుని, ఊపిరి బిగబట్టి చూసింది. మనసులో ఒకటే కోరిక. లోపలికి పోవాలి. ఉప్పే కావాలి. దుకాణంవాడి మోసం బయటపడాలి, తమ్ముడు తల ఎత్తుకోవాలి.

గీత బయటికి వచ్చింది.

పలక కడిగి మళ్లీ చేసింది. మళ్లీ బయటికే. ఒక్కో గింజా లెక్కపెట్టింది. యాభై చూసేసరికి మెడ పట్టేసింది. నలభై ఎనిమిదింటికి గీత బయటికి పోయింది, రెండింటికి లోపలికి. అసలైన పొటాష్ అమ్మినవాణ్ణి పట్టుకుని జైపాల్ నడిబజార్లో దొంగ అన్నాడు.

ఆనంద్ వచ్చి విషయం విన్నాడు. తనూ కన్ను ఆనించి, మర తిప్పి, "అరె!" అన్నాడు. ఇంకోసారి తిప్పి మళ్లీ "అరె!" అన్నాడు.

"కాయితం మీద రాసి సంతకం పెడ్తరా సార్? పటేలుకు చూపిస్త."

అతను కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడిచాడు. "నేను ఈ పద్ధతి ఎన్నడూ చెయ్యలే అక్కా. సర్కారు ల్యాబుకు పంపితే కాయితం ఇస్తరు, కాని ఇరవై దినాలైనా పడ్తది. శ్యాంసుందర్ సార్‌ను అడుగరాదూ? పుస్తకం ఆయనదే గద."

*

మర్నాడు సిరిసిల్లలో శ్యాంసుందర్ ఇల్లు వెతకడం కష్టం కాలేదు. ముందు గదిలో నాలుగు మరమగ్గాలు టకటకమంటున్నాయి. వాటిని దాటి వెనక్కి పోతే, చెవులు కొంచెం తెరిపిన పడే చోట, మంచం మీద ఆయన. కోడలు మంచినీళ్లు ఇచ్చి, "మామయ్యకు కండ్లు సరిగ్గ కనబడ్తలేవు, దగ్గరికి పోయి చెప్పమ్మా," అని మగ్గం దగ్గరికి వెళ్లిపోయింది.

సరిత పుస్తకం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని కళ్లతో కాదు, వేళ్లతో చూశాడు. అరిగిన మూలను తడిమి, "ఇంక బతికే ఉన్నదా ఇది?" అన్నాడు.

"పనికిరాదని రాసిన్రు సార్. నేను అడిగి తెచ్చుకున్న."

"నన్ను గూడ గట్లనే రాసిన్రు. చెప్పు బిడ్డా, ఏం పనిమీద అచ్చినవ్?"

సరిత మొదటి నుంచీ చెప్పింది. ఆయన మధ్య మధ్య ఆపి, పరీక్షలో పిల్లల్ని అడిగినట్టు అడిగాడు. ఏ నూనె? గొట్టం లేపినవా, కింది బల్ల లేపినవా? పలక దేనితో కడిగినవ్? తెలిసిన ఉప్పు ముందు పెట్టి చూసినవా?

"చూసిన సార్. ఉప్పు, సీసల పొటాష్, రెండూ చూసినంకనే మాది పెట్టిన."

"అన్ని గింజలకూ గీత బయటికేనా?"

సరిత తడబడింది. అన్నీ అంటే బలంగా ఉంటుంది. "యాభైల రెండింటికి లోపలికి పోయింది సార్," అంది చిన్నగా.

ముసలాయన ముఖం విప్పారింది. "బాజారుల దొరికే పొటాష్‌ల పిసరంత ఉప్పు ఉంటనే ఉంటది. అన్నీ బయటికే అని ఉంటే నిన్ను నమ్మకపోదు."

సరితకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై రెండేళ్లలో ఎవరూ ఆమె పనిని ఇంత వివరంగా అడగలేదు.

"కాని సార్, నేను ఉప్పే కావాలనుకున్న. దుకాణపోని మోసం అయితే బాగుండని."

"ఉప్పే అయితే ఏమైతుండె?"

"దుకాణపోడు ఓడిపోతుండె."

"మరి భూమి?"

ఎవడు మోసం చేసినా, ఉప్పు ఉప్పే. నేలలో పడ్డాక పటేల్ చెప్పిందే నిజమయ్యేది. దుకాణంవాడి మీద గెలిచి భూమి వదిలి రావలసి వచ్చేది. కోపంలో ఇంత చిన్న సంగతి తనకు తట్టనేలేదు. నిన్నటి నుంచీ బరువుగా ఉన్న ఆ బయటి గీత, తమ వైపే నిలబడి ఉంది.

"అయితే మీరు ఒక సంతకం పెట్టున్రి సార్," అంది ఆత్రంగా.

"నేను చూసిన్నా? చూసింది నీ కండ్లు. సంతకం నీదే ఉండాలె."

"అటెండరు సంతకం ఎవరు నమ్ముతరు సార్?"

"నువ్వు నా మాట నమ్మినవా? గుర్తున్నా గూడ, ఉప్పు పెట్టి చూసినంకనే నమ్మినవ్. వాళ్లకూ చూపెట్టు." ఆయన లేచి, గోడ పట్టుకుని, అలమార నుంచి ఒక చెక్క పెట్టె దించాడు. కరెంటు అక్కర్లేని పాత ఇత్తడి సూక్ష్మదర్శిని. కింద అద్దం, ఎండ పడితే చాలు. "పోంగ పోంగ బస్సుల ఒళ్లె పెట్టుకో, కింద పెట్టకు."

*

శుక్రవారం పది గంటలకు కోరుట్లలో ఎండ బాగా కాసింది. ఎరువుల మందుల దుకాణం వేణు నలభై ఏళ్ల మనిషి, మంచివాడే గానీ సోమవారం నుంచీ ముఖం మాడ్చుకుని ఉన్నాడు. ఎవరో నవ్వినా తననే చూసి నవ్వారేమో అనిపిస్తోంది పాపం. సరిత ఫోనులో బతిమిలాడితే దుకాణం ముందు బల్ల వేయించాడు. సంచి తెమ్మని సరిత కబురు పెడితే చంద్రమౌళి పటేల్ కూడా వచ్చి మోటారు సైకిలు దిగాడు. చంకలో ఆ ఉప్పు సంచి, మడతపెట్టి. జైపాల్, శైలజ కొంచెం దూరంగా నిలబడ్డారు.

"ఏందమ్మా, దుర్బిన్ పెట్టినవ్?" అన్నాడు చంద్రమౌళి.

"మీరే చూడున్రి పటేలా. నేను చెప్పేది ఏం లేదు."

సరిత అద్దాన్ని ఎండకు తిప్పింది. ముందు ఉప్పు. మర ఎట్లా తిప్పాలో ఆయన వేలు పట్టుకోకుండానే చూపించింది. ఆయన ఒక కన్ను మూసి, ఇంకో కన్ను కూడా మూసుకుపోతుంటే తెరిచి, చివరికి, "ఆఁ, గీత లోపలికి పోతున్నది," అన్నాడు. తర్వాత కాలేజీ సీసాలోని పొటాష్. "ఇది బయటికి." ఆయన గొంతులో వెటకారం కొంచెం తగ్గింది. సినిమా టికెట్టు దొరికిన పిల్లవాడిలా మళ్లీ ఒకసారి చూశాడు.

"ఇప్పుడు మీ చేతుల సంచి ఇయ్యున్రి."

సంచి మూలలోని కుట్టును విప్పి దులిపితే చిటికెడు పొడి రాలింది. శైలజ కళ్లు మూసుకుంది. ఈ పొడిని సరిత కూడా ఇంతవరకు చూడలేదు. కడిగిందో లేదో, మూలలో పాత ఉప్పు ఎంత ఉందో ఎవరికి తెలుసు? నలిపి, నూనె వేసి, తను చూడకుండానే పక్కకు జరిగింది.

చంద్రమౌళి చాలాసేపు చూశాడు. బజారులో లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"బయటికే పోతున్నయి," అన్నాడు. "ఒకటి రెండు లోపలికి. తక్కినయన్ని బయటికే." తలెత్తి సంచి వైపు చూశాడు. "ఉప్పు గాదు."

వేణు కూడా చూశాడు. చూసి, గుండెల మీది నుంచి బండ దించుకున్నట్టు ఊపిరి వదిలాడు. జైపాల్ ముందుకొచ్చి అందరూ వినేటట్టే అన్నాడు, "తప్పైంది సేటూ. నోటికచ్చింది అన్న." ఆ మాట అనడానికి వాడు ఎంత మింగుకున్నాడో అక్కకు తెలుసు. తమ్ముడు అంత ఎత్తుగా ఆమెకు ఎప్పుడూ కనిపించలేదు.

"అది పోనీ తమ్మీ," అన్నాడు వేణు. "మరి ఆకు ఎందుకు కాలింది? ఎప్పుడు చల్లిన్రు?"

"పొద్దుగాల, వాన ఎలిసినంక," అంది శైలజ.

"ఆకుల మీద తడి ఉండంగనా? ఎట్ల చల్లినవ్?"

శైలజ కుడి చేయి భుజం దాకా ఎత్తి, వడ్లు చల్లినట్టు విసిరి చూపించింది.

వేణు నుదురు కొట్టుకున్నాడు. "అయ్యో అక్కా! పసుపు చెట్టు నడుమ సుడి గిన్నె లెక్క ఉంటది. తడి సుడిల పలుకు పడి కరిగితే కాలకపోతదా? పొటాష్ మొదట్ల పెట్టి మన్ను కప్పాలె. ఆకే గద కాలింది, దుంపకు ఏం గాదు. కొత్త ఆకు అస్తది."

"ఆకు మాత్రమేనా?" అంది శైలజ. ఆ మాట రెండుసార్లు అడిగి చెప్పించుకుంది.

"గింత తెల్వకుండ పసుపు ఎట్ల పెట్టిన్రే?" అన్నాడు చంద్రమౌళి. అనకుండా ఉంటే బాగుండేది, కానీ అలవాటైన నోరు.

సరిత పలక తుడుస్తున్నదల్లా ఆగింది. "ఎట్ల తెలుస్తది పటేలా? పదిహేనేండ్ల సంది శైలజ మీ పసుపుల కలుపు తీసింది, తవ్వింది, ఉడకబెట్టింది, ఎండబోసింది. ఆ పనులన్నీ దానికి అచ్చు. మందు ఏసే దినం మాత్రం మీ ఇంటోళ్లే ఏసుకుందురు. బస్తల కాడికి మమ్ముల రానియ్యకపోదురు. ఆ ఒక్క పనే దానికి రాదు."

కోపంగా అనలేదు. పలక మీది గింజల్ని లెక్కపెట్టినట్టే అంది. చంద్రమౌళి శైలజ వైపు చూశాడు. ఆమె చేయి ఇంకా గాలిలోనే ఉంది, తప్పుగా విసిరినట్టే. ఆయన సంచి తీసి దులిపి, మడిచి, ఆమెకు ఇచ్చాడు.

"భూమి మీ దగ్గరనే ఉండనియ్యి," అన్నాడు, మోటారు సైకిలు వైపు నడుస్తూ. "రెండో ఎకరం ఇంక ఎయ్యలేదు గద?"

"లేదు పటేలా," అని శైలజ అతని వెనకే నాలుగడుగులు వేసింది. "మీరే అచ్చి చూపియ్యాలె."

*

ఆదివారం మధ్యాహ్నానికి ఆకుల మీది వాన తడి ఆరింది. సరిత కూడా వెళ్లింది, చర్చి నుంచి నేరుగా, పండగ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని. ఆయన వస్తాడని జైపాల్‌కు నమ్మకం లేదు. రెండుసార్లు అన్నాడు కూడా. రెండోసారి అంటుండగానే ఒడ్డు మీద మోటారు సైకిలు ఆగింది.

చంద్రమౌళి చెప్పులు విడిచి సాలులోకి దిగాడు. పిడికెడు పొటాష్ తీసుకుని, నడుం వంచి, మొక్కకు జానెడు దూరంలో మన్ను గీరి, పోసి, కాలి బొటనవేలితో కప్పాడు. చకచకా నాలుగు మొక్కలు. యాభై ఏళ్ల అలవాటున్న చేయి, చూసేలోపే అయిపోయింది.

"గంతే," అని నడుం పట్టుకుని లేచాడు. "సమజైందా?"

ఇన్నేళ్లూ ఇలాంటి ప్రశ్నకు శైలజ "ఆఁ పటేలా" అనే జవాబే చెప్పింది, అర్థమైనా కాకపోయినా. ఈసారి తల అడ్డంగా ఊపింది.

"కాలే. మల్లొక్కసారి చూపియ్యున్రి, నిమ్మలంగ."

ఆయన ఆమెను చూశాడు, ఒడ్డు మీది సరితను చూశాడు. తర్వాత పిడికెడు మందు తీసుకుని చంద్రమౌళి పటేల్ మళ్లీ వంగాడు.